ఎంగిలి చేసిన మిఠాయి పెట్టె

నా చిన్నప్పుడు దీపావళి వెళ్ళిన మూడో రోజంటే నాకు ఒళ్ళు మండేది. పండుగ అయిపోయిందని దిగులుపడే పిల్లలు ఊరినిండా ఉండేవాళ్ళు, నా బాధ వేరు. ఆ రోజు మా తాతయ్య ఇంట్లో మిగిలిన మిఠాయిలన్నీ సర్దుకుని, బస్సెక్కి, వేరే పిల్లల దగ్గరికి పోయేవాడు. ఆ పిల్లల్లో ఒక పిల్ల అంటే నాకు అసలు పడేది కాదు. ఆ పిల్ల మాట ఎత్తితే చాలు, నాకు అన్నం సయించేది కాదు.

మాది అరవదేశంలో, వేలూరు దగ్గర గుడియాత్తం. మా తాతయ్య ఇళ్ళు కట్టే మేస్త్రీ. ఇల్లు కట్టించుకునేవాళ్ళు దీపావళికి మేస్త్రీ ఇంటికి మిఠాయి పెట్టె పంపడం మా వైపు ఆనవాయితీ. పని నడుస్తున్నవాళ్ళే కాదు, ఎప్పుడో కట్టించుకుని కాపురం చేస్తున్నవాళ్ళు కూడా గుర్తుపెట్టుకుని పంపేవాళ్ళు. కప్పు కారనంత కాలం మీ తాతకు జాంగ్రీ వస్తుందే అని మా అవ్వ ఎగతాళి చేసేది. మా తాతయ్య కట్టిన కప్పులు కారేవి కావు. కాబట్టి పండుగ నాటికి మా నడిమింట్లో పెట్టెల మీద పెట్టెలు చేరేవి. జాంగ్రీ, మైసూర్‌పాకు, లడ్డూ, బాదుషా. వాటి మీద రంగు కాగితాలు, ఎర్రదారాలు. అవి చాలవన్నట్టు మా అవ్వ అరిసెలూ మురుకులూ ఒక డబ్బాకు చేసేది.

అంత మిఠాయి ఒక ఇంట్లో ఎవరు తింటారు? మొదటి రోజు తాతయ్య దగ్గర పనిచేసే ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ పంచేవాడు. రెండో రోజు చుట్టుపక్కల ఇళ్ళకు పోయేది. వాళ్ళూ ఊరుకుంటారా, వాళ్ళింటివి మాకు పంపేవాళ్ళు, మళ్ళీ పెట్టె నిండేది. మూడో రోజుకు మిగిలింది విరించిపురం దగ్గర ఉన్న ఆడపిల్లల ఆశ్రమానికి. అమ్మా నాన్నా లేని పిల్లలు అక్కడ ఓ పాతికమంది దాకా ఉండేవాళ్ళు. ఒక వానాకాలం వాళ్ళ వంటింటి కప్పు కుంగిపోతే మా తాతయ్య పోయి కట్టి వచ్చాడు. రెండు నెలలు అక్కడే పని, మధ్యాహ్నం అక్కడే భోజనం. అప్పటి నుంచీ ఆ పిల్లల మీద ఆయనకు ప్రాణం.

ఆ రెండు నెలలూ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చుంటే చాలు, అక్కడి ఒక పాప కథలే. ఆ పాపది నా ఈడే. ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో. ఒక కన్ను మూసుకుని గోడ వైపు చూసి, ఎక్కడ వంకరపోయిందో చెప్పేస్తుందట. "మన పనోళ్ళకన్నా ఆ పాప కన్ను మేలప్పా" అని మా నాన్నతో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నేనూ ఊరుకోలేదు. మరునాడు అన్నాల దగ్గర ఒక కన్ను గట్టిగా మూసుకుని మా వంటింటి గోడను కిందినుంచి పైదాకా చూసి, ఈ గోడ వంకరగా ఉందని ప్రకటించాను. మా తాతయ్య పొరబోయేంతగా నవ్వాడు. "అది నేను కట్టిన గోడమ్మే!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పాప అయితే ఏం చెప్పేదని అడిగాను. ఆయన పాపం ఏమీ ఎరగనట్టు, ఆ పాప సరిగ్గా చెప్పుండును అన్నాడు. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

అక్కడితో ఆగితే బాగుండేది. నాకు పొట్టి అయిపోయిన ఆకుపచ్చ పట్టుపావడా ఒకటి మా అవ్వ పెట్టెలోంచి తీసి తాతయ్య చేతికిచ్చింది, ఆ పాపకు సరిపోతుందని. ఆ పావడా నాకు మోకాళ్ళ కిందికి కూడా రాదు, నేను దాన్ని ఏడాదిగా ముట్టలేదు. అయినా రెండు రోజులు ఏడ్చాను. "నీకు పట్టదు గదమ్మే, ఎందుకింత పొరామై నీకు?" అని అవ్వ బుగ్గ పొడిచింది. పొరామై అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అరవంలో పొరామై అన్నా తెలుగులో కుళ్ళు అన్నా అది నా కడుపులోనే ఉంది.

ఆ ఏడు దీపావళికి తాతయ్య నన్ను కూడా ఆశ్రమానికి తీసుకుపోయాడు. అప్పుడే ఆ పిల్లను చూశాను. బక్కగా, పొట్టిగా, రెండు జడలతో. నా పావడానే కట్టుకుంది. నాకు మోకాళ్ళు దాటని పావడా ఆ పిల్లకు పాదాల దాకా, కుట్టించినట్టు కుదిరింది. అది చాలదా? మా తాతయ్య చేతులు చాచి, "రామ్మా అమ్మణ్ణీ" అన్నాడు. అమ్మణ్ణి అనేది నా పిలుపు. పుట్టినప్పటి నుంచీ ఆయన నన్ను తప్ప ఎవరినీ అలా పిలిచి ఎరగడు, మా చెల్లెల్ని కూడా. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. నేను ఇంకో చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఆ చెయ్యి ఎంత గట్టిగా గుంజానో, తాతయ్య ఉలిక్కిపడి నా వైపు చూశాడు. నన్ను కుళ్ళుబోతు అనుకుంటే అనుకోండి. అవును, కుళ్ళుబోతునే. తాతయ్య నా సొంతమా, ఆ పిల్ల సొంతమా అన్నది తేలక ఏడాది పొడుగునా రగిలిపోయాను.

మరుసటి దీపావళి వచ్చింది. ఈసారి మూడో రోజుకు మంచి పెట్టె మిగిలింది. పైవరుసంతా జాంగ్రీలు, కింద మైసూర్‌పాకు. రెండో రోజు మధ్యాహ్నం దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి అవ్వ కునుకు తీస్తోంది. నాకు ఒక ఉపాయం తట్టింది. మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద నేరం ఎంగిలి. మనం తినేది ఇంకొకరికి పెట్టకూడదు, గ్లాసు ఎత్తి తాగాలి, దేవుడి దగ్గర పెట్టేది వాసన కూడా చూడకూడదు. ఎంగిలైనది బయటివాళ్ళకు ఇవ్వరు గాక ఇవ్వరు. మరి ఆ పెట్టె మొత్తం ఎంగిలైపోతే? తాతయ్య ఆశ్రమానికి పోలేడు. ఆ పిల్లకు జాంగ్రీ ఉండదు, నా తాత నాతోనే ఉంటాడు.

దారం విప్పి ఒక్కో జాంగ్రీ తీసి నాకాను. అటోసారి, ఇటోసారి. తినాలని కాదు, ఎంగిలి చెయ్యాలనే. నాలుగైదు బాగానే ఉన్నాయి. ఆ తర్వాత నాలుక మొద్దుబారిపోయింది, తీపికి వెగటు పుట్టింది. అయినా వదిలిపెట్టలేదు, గోడకు సున్నం కొట్టే మనిషిలా వరుస తప్పకుండా నాకుతూ పోయాను. కింది వరుసలో ఒక మైసూర్‌పాకు దగ్గర మాత్రం ఆశ ఆగక ఓ మూల కొరికాను. మళ్ళీ అన్నీ ఎలా ఉన్నవి అలా సర్ది, దారం కట్టి, చేతులు పావడాకు తుడుచుకుని బయటికొచ్చాను. నా కడుపు చల్లబడింది.

మర్నాడు పొద్దున చెప్పేద్దామనుకున్నాను. తాతా, నేను ఆ పెట్టెలోది తిన్నాను, ఎంగిలైపోయింది అంటే రెండు దెబ్బలు పడతాయి, పెట్టె ఇంట్లో ఉండిపోతుంది. అంతే కదా. కానీ లేచి చూస్తే తాతయ్య స్నానం చేసి, విభూది పెట్టుకుని, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. ముఖం కళకళలాడుతోంది. "బిరీన రా అమ్మణ్ణీ, బస్సు పోతుండాది" అన్నాడు. ఆ ముఖం చూసి చెప్పడం మానుకున్నాను. పెట్టె నా చేతికిచ్చి, తాను ఒక గుడ్డసంచి భుజానికి తగిలించుకున్నాడు.

బస్సులో పెట్టె నా ఒళ్ళోనే. పళ్ళికొండ దాకా ఎలాగో ఊపిరి బిగపట్టాను. ఆ తర్వాత భయం మొదలైంది. తెలియక ఎంగిలి తిన్నోళ్ళకు పాపం లేదు, తెలిసి పెట్టినోళ్ళకే పాపమంతా అని మా అవ్వ ఎప్పుడూ అనేది. పాతికమంది పిల్లలు నా ఎంగిలి తినబోతున్నారు. చెబితే తాతయ్యకు నా మీద అసహ్యం పుడుతుంది, ఇక ఆ పిల్లే ఆయనకు ముద్దవుతుంది. చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. పెట్టెను కిటికీలోంచి జారవిడిస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. కిటికీకి ఊచలున్నాయి. తాతయ్య మాత్రం పక్కన హాయిగా కునుకు తీస్తున్నాడు.

ఆశ్రమంలో పిల్లలంతా వరండాలో రెండు వరుసల్లో కూర్చున్నారు. ఆశ్రమాన్ని చూసుకునే పెద్దావిడ అందరి ముందూ చిన్న చిన్న ఆకులు వేయించింది. ఆ పిల్ల మొదటి వరుసలో చివర కూర్చుంది. అదే ఆకుపచ్చ పావడా. నన్ను చూసి నవ్వింది, నేను ముఖం తిప్పుకున్నాను. అప్పుడు తాతయ్య నా వీపు తట్టి, ఈసారి నువ్వే నీ చేత్తో పంచు అన్నాడు.

నేను దారం విప్పాను. మొదట కూర్చున్న పాప మరీ చిన్నది, మూడేళ్ళుంటాయేమో. రెండు చేతులూ చాచి నోరు తెరుచుకుని నా వైపే చూస్తోంది. పెట్టెలో చెయ్యి పెట్టాను, జాంగ్రీ పట్టుకున్నాను, చెయ్యి పైకి రాలేదు. ఏం చెయ్యాలో తోచక పెట్టెను రెండు చేతులతో గుండెకు అదుముకుని, "ఇయ్యను! ఎవురికీ ఇయ్యను! ఇది నాది!" అని అరిచేశాను.

పెద్దావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పిల్లలందరూ నన్ను చూస్తున్నారు. ఎంత పిసినారి పిల్ల, ఎంత తిండిపోతు అనుకుని ఉంటారు. నిజం చెప్పలేను, పంచలేను. సిగ్గుతో నేను చచ్చిపోయాను. అందరికన్నా ఎక్కువగా ఆ పిల్ల నన్ను చూస్తోందే అన్నది నన్ను దహించింది.

తాతయ్య కోప్పడలేదు. "అయ్యో, మరిస్తిని సూడు. ఆ పెట్టి మాయింటిదమ్మా. వీళ్ళది ఇందులో ఉండాది" అని పెద్దావిడతో చెప్పి, భుజానున్న సంచిలోంచి ఒక రేకు డబ్బా తీశాడు. దాన్ని చూడగానే నా గుండె జారిపోయింది. అది జీడిపప్పు పాకం డబ్బా. ఆలంగాయంలో ఇల్లు కట్టించుకున్నాయన ప్రతి ఏడూ ఒకే ఒక డబ్బా పంపేవాడు. జీడిపప్పు పాకమంటే నాకు ప్రాణమని, తాతయ్య దాన్ని ఎవరికీ పెట్టనిచ్చేవాడు కాదు, చెల్లెలికి కూడా. ఎత్తుగా అటక మీద దాచి, నెల రోజులు నాకు రోజుకో ముక్క ఇచ్చేవాడు. అది నా డబ్బా. నా కళ్ళ ముందే ఒక్కొక్క అచ్చూ ఒక్కొక్క ఆకులోకి పోయింది. ఆఖరి ముక్క ఆ పిల్ల ఆకులో పడింది, డబ్బా ఖాళీ అయింది.

నేను పోయి మెట్ల మీద కూర్చున్నాను, ఆ దరిద్రపు పెట్టె ఒళ్ళో పెట్టుకుని. ఏడుపు వస్తోంది గానీ ఆ పిల్ల చూస్తుందని ఆపుకుంటున్నాను. కాసేపటికి పక్కన ఎవరో కూర్చున్నారు. చూస్తే ఆ పిల్లే. చేతిలో జీడిపప్పు పాకం ముక్క ఉంది, ఇంకా కొరకలేదు.

"మీ తాత నీకియ్యలేదే?" అంది.

ఆ పిల్ల ఆ ముక్కను పావడా అంచులో పెట్టి మడిచి, గుడ్డ మీద నుంచే పళ్ళతో కటుక్కుమని కొరికింది. మడత విప్పితే ముక్క రెండయింది. జీడిపప్పు ఎక్కువున్నది నా చేతిలో పెట్టింది. "తిను. కాకి ఎంగిలి. గుడ్డ అడ్డమేసినా గదా, ఎంగిలి గాదు" అంది.

నేను పెట్టె నిండా నాకి వచ్చాను. ఆ పిల్ల తన నోరు తగలకుండా గుడ్డ అడ్డం పెట్టుకుని కొరికి ఇచ్చింది. ఇంత మంచితనం చూసి నా అసూయ చల్లారిందని చెబితే బాగుంటుంది కానీ అబద్ధమవుతుంది. ఇంకా పెరిగింది. దీనికి పావడా కుదరాలి, కన్ను కుదరాలి, ఇప్పుడు బుద్ధి కూడా కుదిరిందా అని ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ ముక్క తిన్నాను. నమిలే కొద్దీ ఏడుపు ఎక్కువైంది. ఆ పిల్ల ఏమీ అడగకుండా తన ముక్క తింటూ కూర్చుంది.

తిరుగు బస్సుకు ఇంకా టైముంది. తాతయ్య నన్ను పాలారు ఒడ్డుకు తీసుకుపోయాడు. ఏట్లో నీళ్ళు లేవు, ఇసుకే. ఆయన ఇసుకలో చతికిలబడి, పెట్టె విప్పి, ఒక జాంగ్రీ తీసి నోట్లో వేసుకున్నాడు. నేను హడలిపోయి, వద్దు తాతా అని చెయ్యి పట్టుకున్నాను. "ఏం, నా మనవరాలి ఎంగిలే గదా" అన్నాడు.

ఆయనకు అన్నీ తెలుసు. మిఠాయి పాడయిందేమోనని ముందు రోజు రాత్రే ప్రతి పెట్టే విప్పి వాసన చూడడం ఆయన అలవాటట. కెట్టుపోయింది ఇస్తే కడుపుకు పట్టదు అనేవాడు. మైసూర్‌పాకు మీద గాటు చూశాడు. నాకప్పుడు ముందరిపన్ను ఊడి ఉంది, గాటు మధ్యలో సందు. ఇక వేరే సాక్ష్యం ఏం కావాలి? జాంగ్రీలు చూస్తే మెరుపు పోయి జిగటగా ఉన్నాయి. ఎవరికీ చెప్పకుండా అటక మీది నా డబ్బా దించి సంచిలో పెట్టుకున్నాడు. నేను పంచుతానో ఆగుతానో చూడాలనే ఆ పెట్టె నా చేతికిచ్చాడట.

ఇది ఇంటికి చేరేలోపు మనిద్దరమే కానిచ్చేయాలి, మీ అవ్వకు తెలిస్తే నన్నూ నిన్నూ ఇంట్లోకి రానీదు అన్నాడు. తిన్నాం. నేను మూడు జాంగ్రీలు తిన్నాను, నాలుగోదానికి ఇక వల్లకాదన్నాను. మిగిలినవి తాతయ్య కాకులకు వేశాడు.

అప్పుడు అడిగేశాను. ఏడాదిగా నాలుక చివర ఉన్న మాట. నేనంటే ఇష్టమా, ఆ పాపంటే ఇష్టమా అని. ఆయన నువ్వే అంటాడని ఆశపడ్డాను, ఆ పాపే అంటాడేమోనని భయపడ్డాను. ఆయన రెండూ అనలేదు. చేతులకంటిన పాకం ఇసుకతో రుద్దుకున్నాడు.

"నీకు కుళ్ళొస్తే నా పెట్టి ఎంగిలి చేస్తివి" అన్నాడు. "ఆ పాపకు కుళ్ళొస్తే ఎవురి పెట్టి ఎంగిలి చేస్తుందమ్మా?"

ఆ పిల్ల అలిగి ఎవరి ముందు కంచం వదిలి లేస్తుంది? లేస్తే ఎవరు బతిమాలతారు? పాత పావడా పోయిందని రెండు రోజులు ఏడిస్తే బుగ్గ పొడిచి నవ్వేవాళ్ళెవరు? ఇవన్నీ అప్పుడే తోచాయని చెప్పను, అంత తెలివి నాకు లేదు. ఇల్లు చేరేదాకా ఆయన చెయ్యి పట్టుకుని, ఆ ప్రశ్ననే నమిలాను.

ఆ పిల్ల ఆ తర్వాత మూడు నాలుగేళ్ళకు ఎవరో చుట్టాలొచ్చి తీసుకుపోతే నెమిలి అనే ఊరి వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ చూడలేదు. నేను మాత్రం మంచిదాన్నయిపోలేదు. తోటికోడలికి కొత్త ఇల్లంటే కుళ్ళుకున్నాను, పక్కింటామె కొడుకుకు నా కొడుకుకన్నా ముందు ఉద్యోగమొస్తే నిద్ర పట్టలేదు. కుళ్ళుకున్న ప్రతిసారీ మా తాతయ్య అడిగిన మాట అడ్డమొస్తుంది. నాకు నావాళ్ళున్నారు గనుకే ఈ మంట అనుకుంటాను. మంట తగ్గదు, కొంచెం సిగ్గు కలుస్తుంది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి, వేలూరులో ఉంటున్నాను. మా అబ్బాయి కూడా ఇళ్ళు కట్టే పనే. దీపావళికి ఇప్పటికీ పెట్టెలొస్తాయి. మూడో రోజు అవి తీసుకుని ఊరి చివర పిల్లల ఇంటికి పోతాను. పంచి వచ్చేయను. పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుని జడలు వేస్తాను, వాళ్ళ తగాదాలు వింటాను, ఎవరైనా మూతి ముడుచుకుని మూల కూర్చున్నారేమో వెతుకుతాను.

మొన్నటి దీపావళికి ఏడేళ్ళ పిల్ల ఒకతి నేనిచ్చిన లడ్డూను నా చేతిలోంచి తోసేసింది. "ఆ పిల్లకు మాత్రం జడేసినావు, ముద్దు పెట్టినావు. నీ లడ్డు నాకొద్దు పో!" అని ఏడుస్తూ స్తంభం వెనక దూరింది. అక్కడ పనిచేసే అమ్మాయి కంగారుపడి ఆ పిల్లను కోప్పడబోయింది, నేను వద్దని ఆపాను. నాకెంత సంతోషమేసిందో ఎలా చెప్పను! లేచి, మోకాళ్ళు పట్టుకుని, ఆ స్తంభం దగ్గరికి పోయి కూర్చున్నాను. అరగంట బతిమాలాను.